చల్లని మూల

ఆ శనివారం కుట్టుబడిలో సర్టిఫికెట్ల పండగ. పొద్దు పొడవగానే మెన్సిమా మేడెక్కింది, గెలిచిన జట్టు పేరు తేల్చడానికి. తేల్చడానికి పెద్దగా ఏమీ లేదని ఆమెకీ తెలుసు, సెకొండి రేవుపట్నంలో ఆ వీధి మొత్తానికీ తెలుసు. అరబా జట్టే గెలుస్తుంది. ఎండలు ముదిరిన దగ్గర్నుంచీ చల్లదనంలో వాళ్ళ మూలని కొట్టినవాళ్ళు లేరు.

రైళ్ళు బాగా నడిచిన రోజుల్లో గిడ్డంగిగా కట్టిన పొడుగాటి ఇల్లు అది. రేకుల కప్పు గాలివానకి లేచిపోయాక ఎబో మేస్త్రీ దాని మీద కాంక్రీటు శ్లాబు వేశాడు. ఎబో మెన్సిమాకి సొంత మేనమామ. శ్లాబు గట్టిదే కానీ, ఎండాకాలం దాని కింద కూర్చుని కుట్టడమంటే చేపలు పొగబెట్టే పొయ్యి మీద కూర్చున్నట్టే. అమ్మాయిల చేతుల చెమటకి తెల్లగుడ్డ పసుపుపచ్చ తిరిగిపోయేది. పక్క వీధి హైస్కూల్లో సైన్సు చెప్పే మెన్సిమాకి అప్పుడే ఆలోచన వచ్చింది, కప్పు మీద తోట వేద్దామని. మామయ్య వాలు చూసి, తారుపొర పరిచి, నీళ్ళు పోవడానికి మూలల్లో తూములు పెట్టి, మట్టి పోయించాడు. పోయిస్తూ ఒకటే మాట చెప్పాడు. జానెడు మట్టి, జానెడు దాటితే ఒక్క తట్ట కూడా వద్దన్నాడు. దాని మీద చిలగడదుంప తీగ, గంగపావిలి కూర వేశారు.

తోట వేస్తే చల్లబడిందని నోటితో చెబితే ఎవరు నమ్ముతారు? ఫోన్లు బాగుచేసే సందులో చవగ్గా దొరికే సెన్సర్లు కొన్నది మెన్సిమా. ఒక్కోటీ గోరంత ఉంటుంది. వాటిని ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాల్లో బిగించి, మూతలకి చిల్లులు పెట్టి, వెదురు గెడలకి బోర్లా కట్టింది. కింద ఆకు మీద, మట్టి మీద ఎంత వేడి ఉందో ముట్టుకోకుండానే చెబుతాయవి. ఆ లెక్కంతా గంటగంటకీ ఆమె ఫోనులోకి వచ్చి పడుతుంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. తోటకి నీళ్ళు పొయ్యడానికి అమ్మాయిలు బద్ధకిస్తున్నారని కప్పుని నాలుగు ముక్కలు చేసి, నాలుగు జట్లకి పంచింది. ప్రతి శుక్రవారం కింద గోడ మీద నల్లబల్లకి మధ్యాహ్నం రీడింగులు ఎక్కించేది. ఏడాది చివర ఎవరి ముక్క అన్నిటికన్నా చల్లగా ఉంటే ఆ జట్టు నాయకురాలికి కొత్త కుట్టుమిషను, మిగతావాళ్ళకి తలా ఒక మంచి కత్తెర. మిషను ఒక బట్టల షావుకారు ఇస్తానన్నాడు. అప్పట్నుంచీ బద్ధకం మాటే లేదు. పోటీ అంటే పోటీ. అరబా అయితే పొద్దున్నా సాయంత్రం మేడ మీదే. చేపలమ్మే తల్లి కూతురు. దాని నాలుక దాని కత్తెర కన్నా పదునని అందరూ అనేవారు. అలాంటి పిల్ల తీగల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని పసిపిల్లకి చేసినట్టు సేవ చేస్తుంటే మెన్సిమాకి ముచ్చటేసేది.

ఆ పొద్దున చివరి వారం రీడింగులు సరిచూస్తూ ఆమె ఫోను మీద వేలు కొంచెం ఎక్కువ పైకి జరిపింది. మధ్యాహ్నం అంకెలు పోయి తెల్లవారుజాము అంకెలు వచ్చాయి. పోటీకి అవి అక్కర్లేదు కాబట్టి వాటిని ఎప్పుడూ చూసింది లేదు. ఇప్పుడు చూసింది. మూడు ముక్కలూ తెల్లారేసరికి చల్లబడి ఒక్కలాగే ఉన్నాయి. అరబా మూల మాత్రం వెచ్చగా ఉంది. కొద్దిగా కాదు, బాగానే. వెనక్కి వెళ్ళి చూసింది. నిన్నా అంతే, మొన్నా అంతే. వానలు మొదలైన దగ్గర్నుంచీ అంతే.

సెన్సరు చెడిందనుకుంది. పక్క ముక్కలోది ఊడదీసి ఇక్కడ కట్టి, ఇక్కడిది అక్కడ కట్టి, పిట్టగోడకి ఆనుకుని కూర్చుంది. కింద అమ్మాయిలు కుర్చీలు లాగుతున్న చప్పుడు వినపడుతోంది. కాసేపటికి కొత్త రీడింగు వచ్చింది. సెన్సరు మారినా మాట మారలేదు. ఆ మూలే వెచ్చగా ఉంది.

మధ్యాహ్నం అందరికన్నా చల్లన, తెల్లారి అందరికన్నా వెచ్చన. వెచ్చదనాన్ని అంత నెమ్మదిగా పట్టి, అంత నెమ్మదిగా వదిలేది ఏమిటో పిల్లలకి ప్రతి ఏడూ బోర్డు మీద బొమ్మేసి చెబుతుంది మెన్సిమా. లేచి తీగల మధ్య అడుగు వేసింది. చెప్పు మట్టిలోకి దిగి, తియ్యబోతే చప్పరించినట్టు చప్పుడు చేసింది. ఆకులు పైకి పచ్చగానే ఉన్నాయి. తీగ ఎత్తి చూస్తే మొదట్లో ఆకులన్నీ పాలిపోయి, కాడలు కుళ్ళు వాసన కొడుతున్నాయి. సముద్రం మీద మబ్బు సీసం రంగులో పైకి లేస్తోంది.

ఆమె మెట్లు దిగి హాల్లోకి పరిగెత్తింది. అక్కడ ఆ మూల కిందే వేదిక పక్కన మెత్తలు వేసిన కుర్చీలు వరసగా పెట్టారు. పెద్దవాళ్ళకి. హాల్లో అన్నిటికన్నా చల్లగా ఉండే చోటు అదేనని ఆ కుర్చీలు అక్కడ పెట్టమని చెప్పింది కూడా మెన్సిమాయే. తల ఎత్తి చూసింది. శ్లాబు కనపడదు. దాని కింద ప్లైవుడ్ సీలింగు ఉంది. ఒక పలక కొంచెం కడుపుతో ఉన్నట్టు కిందికి దిగినట్టనిపించింది, వెలుతురు అలా పడిందేమో కూడా. కుర్చీల మీద సన్నని తెల్లటి పొడి. తుడుస్తున్న అమ్మాయిని అడిగితే, ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ పడుతోందని విసుక్కుంది. ఇస్త్రీ గది తలుపు సంగతి కూడా ఆ పిల్లే చెప్పింది. వారం నుంచీ పట్టేస్తోందట, వడ్రంగి వచ్చి చిత్రిక పట్టినా మళ్ళీ పట్టేసిందట. ఆ గది గుమ్మం ఉన్నది ఆ మూల గోడలోనే.

క్వాన్సా మేడమ్ గుమ్మం దగ్గర రిబ్బన్లు కట్టిస్తోంది. ఈ బడిని పైసా పైసా కూడబెట్టి నిలబెట్టిన మనిషి. మెన్సిమా చెప్పింది ఓపిగ్గానే వింది. విని, ముఖం మీద నవ్వు చెదరనియ్యకుండా గొంతు మాత్రం తగ్గించింది. ఊరి పెద్దలు బయల్దేరారని, మునిసిపాలిటీ వాళ్ళు వస్తున్నారని, బయట వానొస్తే ఇంతమందిని ఎక్కడ కూర్చోబెట్టాలని అడిగింది. ఫోనులో అంకె చూసి ఇల్లు ఖాళీ చేయించడం తనవల్ల కాదంది.

"ఆ శ్లాబు వేసింది ఎవరు? మీ మామయ్యే కదా. ఆయన్నడుగు. ఆయన ఒక్క మాటంటే ఈ క్షణం ఖాళీ చేయిస్తాను. ఆయన అనకపోతే నువ్వు ఇంకెవరితోనూ అనకు."

అదీ న్యాయమే. కానీ మామయ్యని అడగడమంటే ఏమిటో మెన్సిమాకి తెలుసు. నాన్న పోయాక తమని తన ఇంటికి తెచ్చుకున్నవాడు. ఇసుక మోసి, ఇటుక పేర్చి, తన పిల్లల చదువు ఆపి మేనకోడలి చదువు ఆపనివాడు. ఇవాళ ఆయన్ని అందరిముందూ పిలిచి సత్కారం చేస్తారని వారం నుంచీ ఇంట్లో అదే మాట. అలాంటి మనిషి దగ్గరికెళ్ళి, నువ్వు వేసిన కప్పు కూలేలా ఉందని ఎలా అనాలి?

ఆయన వచ్చేశాడు. నీలం అంచు కొత్త వస్త్రం ఎడమ భుజం మీదుగా వేసుకుని, జుట్టు కత్తిరించుకుని, ఇద్దరు ముగ్గురు పెద్దలతో నవ్వుతూ గేటు దాటాడు. మెన్సిమా పక్కకి రమ్మంటే వచ్చాడు కానీ, పెద్దలూ వెనకే వచ్చారు. దాచి చెప్పే టైము లేదు. ఆ మూల నీళ్ళు నిలిచాయని చెప్పింది.

మామయ్య నవ్వు ఆగింది. "నా శ్లాబు మీద నీళ్ళు నిలవవు. వాలు నా చేత్తో పెట్టాను. తూము నా చేత్తో దింపాను."

"తెల్లవారుజామున పడవ తోసేటప్పుడు ఇసక చల్లగా ఉంటుంది, నీళ్ళు వెచ్చగా ఉంటాయి. అవునా మామయ్యా?"

"అయితే?"

"ఆ మూల ఇవాళ తెల్లారి వెచ్చగా ఉంది. తోటంతా చల్లారినా అది చల్లారలేదు. మధ్యాహ్నం మాత్రం అందరికన్నా చల్లన. అది మట్టి చేసే పని కాదు, నీళ్ళు చేసే పని."

వెనక నిలబడ్డ పెద్దాయన ఒకడు గొంతు సవరించుకుని, "చదివించావుగా ఎబో, ఇక కూర్చుని పాఠం విను" అన్నాడు. మిగతావాళ్ళు నవ్వారు. మామయ్య మెడనరం ఉబ్బింది. మేనకోడలి వైపు చూడకుండా మెట్ల వైపు నడిచాడు. మోకాళ్ళ నొప్పులతో ఏడాది నుంచీ ఆ మెట్లెక్కని మనిషి, వస్త్రం ఒక చేత్తో ఎత్తిపట్టుకుని ఆగకుండా ఎక్కాడు. నా పని తప్పని తేలితే తేలనీ, లేకపోతే అందరి ముందూ నోరు మూసుకో అని ఆ నడకే చెబుతోంది. మెన్సిమా వెనకే వెళ్ళింది. ఆయన మాట నిజమై తన మాట అబద్ధమైతే బాగుండునని దేవుణ్ణి తలచుకుంటూ వెళ్ళింది.

మామయ్య మట్టిని ఆపే చెక్క అంచు మీద నిలబడి మూలని కాసేపు చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని తీగలు పక్కకి తోసి మట్టిలోకి చెయ్యి దింపాడు. జానెడు దిగగానే గచ్చు తగలాలి. తగల్లేదు. మణికట్టు దిగింది. ముంజెయ్యి దిగింది. మోచేతి దాకా దిగాక ఆగాడు. కొత్త వస్త్రం భుజం మీంచి జారి బురదలో పడింది. దాన్ని ఎత్తుకోలేదు.

"ఎవరు మోశారు ఇంత మట్టి?" అన్నాడు చాలా నెమ్మదిగా.

మెన్సిమా ప్రతివారం ఇక్కడికి వచ్చింది. ఆ మూల ఎత్తు పెరుగుతుంటే తీగ బాగా ఎదిగిందనుకుంది, ఎదిగినందుకు నల్లబల్ల మీద మెచ్చుకుంది కూడా. ఎవరు మోశారో ఇప్పుడు అడగక్కర్లేదు. పిట్టగోడ మీంచి వంగి అరబాని కేకేసింది.

తానే కుట్టుకున్న పసుపుపచ్చ గౌనులో, జడలకి పూసలతో అరబా పైకొచ్చింది. మామయ్య చెయ్యి చూసింది, బురద చూసింది. వెంటనే ముఖం మార్చి, వానకి మట్టి ఉబ్బుతుంది కదా మేస్త్రీగారూ అంది. ఆయన తూము ఉండే చోట చేతులతో తోడడం మొదలుపెట్టాడు. తూము నోట్లోంచి ఒకటి లాగి మెన్సిమా చేతిలో పెట్టాడు. గోనెగుడ్డ లోపల, ప్లాస్టిక్ గుడ్డ పైన, అంచు మడిచి రెండు వరసల కుట్టు వేసి, తూము కొలతకి సరిగ్గా కుట్టిన బిరడా. ఆ కుట్టు పనితనానికి ఏ పరీక్షలోనైనా పూర్తి మార్కులు వేస్తారు.

అరబా ఇక దాచలేదు. "ఎండల్లో ఎన్ని నీళ్ళు పోసినా తూములోంచి పోయేవి టీచర్. తడి మట్టి చల్లగా ఉంటుందని, మందం మట్టి ఇంకా చల్లగా ఉంటుందని మీరే గదా బల్ల మీద రాశారు. మడుగు గట్టు నుంచి తట్టలతో మోశాం. రోజూ కొంచెం."

"వానలు పడ్డాకైనా తియ్యాలని తోచలేదా?"

"ఇవాళ తీద్దామనుకున్నాం." అరబా గొంతు సన్నబడింది. "మిషను చేతికొచ్చాక."

బిరడా తీసినా నీళ్ళు పోలేదు. తూము గొట్టంలోకి బురదా వేళ్ళూ దిగి గట్టిపడిపోయాయి. అప్పుడే మొదటి చినుకు పడింది, బొట్టు కాదు, రాయిలా. వెనకే ఇంకొకటి. మామయ్య లేచాడు. ఇద్దర్నీ మెట్ల వైపు తోశాడు. కింద ఉన్నవాళ్ళని ముందు బయటికి పంపాలన్నాడు.

హాల్లో అప్పటికే జనం నిండుతున్నారు. వాన కాబట్టి గేటు దగ్గరున్నవాళ్ళూ లోపలికి వచ్చేస్తున్నారు. మెత్తని కుర్చీల్లో ముసలమ్మలు, ముసలయ్యలు సర్దుకుని కూర్చున్నారు, ఇక్కడ గాలి చల్లగా ఉందని మెచ్చుకుంటున్నారు. మెన్సిమా వాళ్ళ ముందు నిలబడి బయటికి రమ్మని బతిమాలింది. వాన కనపడడం లేదా పిల్లా అని ఒక ముసలమ్మ మందలించింది. ఇంకొకావిడ, మేం వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేవమంటారని మూతి తిప్పింది. మునిసిపాలిటీ మనిషి గడియారం చూసుకున్నాడు. క్వాన్సా మేడమ్ దూరం నుంచి కళ్ళతోనే మెన్సిమాని ఆపమంటోంది. తల పైన ఎక్కడో టప్పుమని ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. వేదిక ముందు వాయిస్తున్న మేళం మోతలో అది ఎవరికీ వినపడలేదు. మెన్సిమాకి వినపడింది. 

మామయ్య గుమ్మంలోకొచ్చాడు. భుజం మీద వస్త్రం లేదు. మోచేతుల దాకా బురద. మేళం వాళ్ళు ఆయన్ని చూసి వాయించడం ఆపేశారు. ఆయన పెద్దల వైపు నడిచి, మామూలుగా సభలో మాట్లాడే గొంతుతోనే అన్నాడు.

"నేను ఎబోని. ఈ కప్పు నేను వేశాను. నేను వేసిన కప్పు కింద మీరు కూర్చోవద్దు. లేవండి."

 మేస్త్రీ నోట ఆ మాట రావడమంటే మాటలు కాదు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళు ఆయన చేతివి. పాఠం విను అని ఎగతాళి చేసిన పెద్దాయనే ముందుగా కర్ర ఊతం తీసుకుని లేచాడు. ఆయన లేస్తే మిగతావాళ్ళూ లేచారు. క్వాన్సా మేడమ్ అప్పుడు చేసిన పని మెన్సిమా ఎప్పటికీ మర్చిపోదు. రెండో మాట అడగలేదు. గుమ్మం రిబ్బన్లు చేత్తో తెంపేసి, రెండు తలుపులూ బార్లా తీసి, ఒక్కొక్క ముసలమ్మనీ రెక్క పట్టుకుని తనే నడిపించింది, సిల్కు గౌను తడుస్తుంటే. ఎదురుగా చేపలు పొగబెట్టే పాకలున్నాయి. జనమంతా అందులోకి దూరారు.

హాలు ఖాళీ అయింది కానీ, పైన వాన నిండుతూనే ఉంది. మూల కుప్పకూలితే ఆ గోడ కూడా వస్తుంది, గోడకి ఆనుకుని పక్కింటి కాపురం ఉంది. వాళ్ళనీ బయటికి పిలిచారు. మామయ్య తన పనివాళ్ళని ఇద్దర్ని పంపి సెంట్రింగు కర్రలు తెప్పించాడు. శ్లాబు కింద ఆ కర్రలు ఆనించి పోట్లు పెట్టాలి, బయట గోడ మీద దిగే గొట్టం వంపు పగలగొట్టాలి. పైకి ఇక మనిషి బరువు కూడా ఎక్కకూడదన్నాడు.

నిచ్చెన వేశాక సుత్తి తీసుకుని ముందుకొచ్చింది అరబా. పనివాళ్ళు లోపల కర్రలు పట్టుకుని ఉన్నారు, మామయ్య మోకాళ్ళు నిచ్చెనకి పనికిరావు. మెన్సిమా ఎక్కుతానంటే అరబా ఆమెని పక్కకి జరిపింది. "బిరడా నేను కుట్టాను టీచర్, నేనే విప్పుతాను" అంది. గౌను కుచ్చిళ్ళు నడుములో దోపుకుని వానలో ఎక్కింది. మెన్సిమా నిచ్చెన కాళ్ళు కౌగలించుకుని నిలబడింది. పైనుంచి సుత్తి దెబ్బలు, ముఖం మీద వాన, లోపల్నుంచి మామయ్య కేకలు, ఎడమకి, ఇంకా ఎడమకి, మేకు దించు అని. ఒకసారి నిచ్చెన జారింది. అరబా గొంతులోంచి సన్నటి కేక వచ్చి ఆగింది. మళ్ళీ దెబ్బ. మళ్ళీ. గొట్టం చాలా గట్టిది. మామయ్య పని ఎప్పుడూ అంతే.

చివరికి వంపు పగిలింది. ముందు నల్లటి వేళ్ళ ఉండ ఒకటి ఊడిపడింది, దాని వెనక నీళ్ళు. బురదనీళ్ళు గోడకి దూరంగా విరజిమ్ముతూ మెన్సిమా నెత్తిన పడ్డాయి. అంత వానలోనూ అవి వెచ్చగా తగిలాయి.

పాకల్లోంచి కేకలు వినపడ్డాయి. ఆ కేకల్లోనే లోపల ఇంకో చప్పుడు. మెన్సిమా నిచ్చెన వదలలేదు, అరబా కిందికి దిగేదాకా వదలలేదు. దిగాక ఇద్దరూ లోపలికి పరిగెత్తారు. ప్లైవుడ్ పలకలు, వాటితో పాటు శ్లాబు అడుగు పెచ్చులు, పిడికిళ్ళంత కొన్ని, పీటంత కొన్ని, మెత్తని కుర్చీల వరస మీద పడి ఉన్నాయి. మూడు కుర్చీలు నేలకి అణిగిపోయాయి. పైన తుప్పు పట్టిన కడ్డీలు బయటపడ్డాయి. శ్లాబు మాత్రం పోట్ల మీద నిలిచింది. మామయ్య గోడ పక్కన కూర్చుని ఉన్నాడు. కుడి భుజం కిందికి వేలాడుతోంది. పనివాళ్ళని తోసేసి తను ఆఖరి కర్ర పట్టుకున్నాడట. మెన్సిమా దగ్గరికి వెళ్ళబోతే ఎడమ చేత్తో ఆగమన్నాడు. ముందు పైకి చూసి, ఇంకేమీ ఊడేలా లేదని నిశ్చయించుకుని, అప్పుడు రానిచ్చాడు.

సర్టిఫికెట్లు ఆ మధ్యాహ్నం పాకల్లోనే ఇచ్చారు. పొగకి అందరి కళ్ళూ మండాయి, ఏడ్చినవాళ్ళెవరో ఏడవనివాళ్ళెవరో తెలియలేదు. కుట్టుమిషను ఎవరికీ ఇవ్వలేదు. అరబా తన సర్టిఫికెట్టు తీసుకోవడానికి రాలేదు. తల్లి వచ్చి తీసుకెళ్ళింది.

ఊరు ఊరే. వారం తిరక్కుండా ఎబో శ్లాబు ఊడిపడిందన్న మాట పడవల రేవు దాకా పాకింది. మట్టి ఎవరు మోశారు, తూము ఎవరు మూశారు అన్నది ఆ మాట వెనక నడవలేదు. మామయ్యతో మాట్లాడుకున్న రెండు పనులు చేజారిపోయాయి. మెన్సిమా కనపడిన ప్రతివాడికీ అసలు సంగతి చెప్పుకుంటూ తిరిగింది. పోటీ పెట్టింది నేను, లెక్క ఒక పూటే చూసింది నేను అని. విని తలూపేవారు. మర్నాడు పాత మాటే అనేవారు.

మామయ్య కట్టు కట్టిన చేత్తో ఇంటి ముందు కూర్చునేవాడు. ఆమె రోజూ వెళ్ళి చేపల పులుసూ, పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్దలూ పెట్టేది. తినేవాడు కానీ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు ఉండబట్టలేక, నీ పనిని అనుమానించినందుకు క్షమించు మామయ్యా అంది.

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టాడు. "పనిని అనుమానించడం తప్పు కాదు. నేనూ రోజూ అనుమానిస్తాను. నా శ్లాబుకి జబ్బు చేసిందని నీకు తెలిసింది. తెలిసి ముందు ఎవరి దగ్గరికి వెళ్ళావు? ఆ మేడమ్ దగ్గరికి. ఆవిడ పంపిస్తే నా దగ్గరికి వచ్చావు. అప్పటికి నేను గేటు కూడా దాటలేదు, ఇంట్లోనే ఉన్నాను. అది నాకు గుచ్చుకుంది తల్లీ. భుజం కాదు."

 ఇల్లు ఆవిడది కదా అనబోయింది మెన్సిమా, అదే అసలు కారణం కాదని తనకే తెలుసు. భయపడ్డానని మాత్రం చెప్పింది.

"భయపడితే మాత్రం?" అన్నాడు ఆయన. ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

ఆగస్టులో, వానలు తెరిపిచ్చినప్పుడు, ఆ మూల శ్లాబు కొట్టేసి కొత్తగా పోశారు. మామయ్య చెయ్యి ఇంకా పైకి లేవదు. పాకలో కుర్చీ వేసుకుని అక్కణ్ణుంచే అరిచి చేయించాడు. కూలీకి మనుషులు వద్దన్నాడు. అరబా జట్టు మోసిన మట్టి వాళ్ళ చేతే దింపించాడు, ఇసుక మోయించాడు, కంకర కలిపించాడు. అరబా ఎదురు చెప్పకుండా మోసింది. ఒక్కసారి మాత్రం, కుట్టుపని నేర్చుకోవడానికి చేరి తాపీపని నేర్చుకుంటున్నానని గొణిగింది. మామయ్య విని, నువ్వు కుట్టిన బిరడా లాంటి పని నా కూలీల్లో ఒక్కడికీ రాదు, అందుకే భయం అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. అరబా నవ్వలేదు, తట్ట ఎత్తుకుని పోయింది.

కొత్త శ్లాబు మీద ఆ మూల తోట వెయ్యలేదు. ఎండలొచ్చాక హాల్లో ఆ వైపు వేడెక్కిపోయింది. అక్కడ మిషన్ల ముందు కూర్చునే అమ్మాయిలు మెన్సిమాని చూసినప్పుడల్లా, ఏం టీచర్, మమ్మల్ని వేపుడు చేస్తున్నారా అని దెప్పేవారు. ఈసారి ముందు మామయ్యనే అడిగింది. కొత్త శ్లాబు వానల్ని ఎలా కాస్తుందో చూడాలి, ఒక ఏడాది ఆగమన్నాడు. ఆమె ఆగింది.